హాఫ్ టైం పావుగంటే: ఫుట్‌బాల్ స్టేడియంలో తిండి, పానీయాలు, సందడి గురించి అపోహలు - వాస్తవాలు

బెంగళూరు కంఠీరవ స్టేడియంలో బెంగళూరు ఎఫ్‌సీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న సాయంత్రం వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు నుంచి మెట్రో పర్పుల్ లైన్ ఎక్కి కబ్బన్ పార్క్‌లో దిగే నీలం జెర్సీల గుంపులో తెలుగు మాటలు బాగానే వినిపిస్తాయి. చాలామంది ఆఫీసు నుంచి నేరుగా వస్తారు, అంటే ఆకలితో వస్తారు. స్టాళ్లు నడిపేవాళ్లు, అపార్ట్‌మెంట్ లీగులూ కాలేజీ టోర్నమెంట్లూ పెట్టేవాళ్లు, స్టాండులో పాటలు పాడించేవాళ్లు పదే పదే చెప్పే కొన్ని మాటలున్నాయి. వాటిలో ఏది నిజం, ఏది కాదు అన్నదే ఇక్కడ రాస్తున్నాం.

అంతకుముందు ఒక కొలత పెట్టుకుందాం. రెండో సగానికి విజిల్ ఊదేసరికి ఎంతమంది తిరిగి సీట్లో ఉన్నారు? స్టాలు అమ్మకం, టీ రుచి, డప్పు మోత అన్నీ చివరికి ఇక్కడే తేలతాయి. యాభయ్యో నిమిషంలో గోలు పడితే, దాన్ని చూడాల్సినవాళ్లు పఫ్ కోసం లైన్లో నిలబడి ఉంటే, ఆ స్టాలు ఎంత అమ్మినా దండగే.

అపోహ: క్రికెట్ మ్యాచ్‌కి స్టాళ్లు పెట్టినవాళ్లకి ఫుట్‌బాల్ ఓ లెక్కా?

లెక్కే, అదీ చాలా కష్టమైన లెక్క. క్రికెట్‌లో ఓవర్ ఓవర్‌కీ విరామం ఉంటుంది, వికెట్ పడితే జనం లేస్తారు, మూడున్నర గంటల్లో అమ్మకం అక్కడక్కడా పరుచుకుంటుంది. ఫుట్‌బాల్‌లో 45 నిమిషాలు ఎవరూ కదలరు. తర్వాత అందరూ ఒక్కసారే లేస్తారు. ఆట నియమాల ప్రకారం హాఫ్ టైం 15 నిమిషాలు మించకూడదు. మెట్లు దిగి, మళ్లీ ఎక్కే సమయం తీసేస్తే స్టాలుకు మిగిలేది 12 నిమిషాలు.

ఎనిమిది వేల మంది వచ్చారనుకోండి. మూడో వంతు లేచినా సుమారు 2,650 మంది. ఒక్కొక్కరికి 40 సెకన్లు పడితే ఒక కౌంటరు 12 నిమిషాల్లో 18 మందిని పంపగలదు. అలా అయితే 147 కౌంటర్లు కావాలి. అన్ని ఎక్కడ పెడతారు? అదే పని 12 సెకన్లలో చేయగలిగితే కౌంటరుకు 60 మంది, మొత్తం 44 కౌంటర్లు చాలు. అందుకే మా పనిలో కౌంటర్ల సంఖ్య గురించి వాదించడం కన్నా సెకన్లు కత్తిరించడం ముఖ్యం.

ఆ 40 సెకన్లూ ఎటు పోతున్నాయి? ఏం కావాలో అడిగి వినడానికి 5, డబ్బు తీసుకోవడానికి 20, వస్తువు తీయడానికి 8, చేతిలో పెట్టడానికి, సాస్ ఎక్కడ అన్నదానికి జవాబివ్వడానికి మిగతావి. సగం డబ్బు దగ్గరే పోతోంది. దాని సంగతి కింద విడిగా రాశాం. మిగతా సగం తగ్గించడానికి రెండు పనులు చాలు. కౌంటరుకు ఇద్దరు మనుషులు: ఒకరు డబ్బు మాత్రమే ముట్టుకుంటారు, ఇంకొకరు తిండి మాత్రమే. శుభ్రతకూ ఇదే పద్ధతి. రెండోది, నాలుగు కప్పులు పట్టే అట్టపెట్టె ట్రే. అది చేతికిస్తే నలుగురు స్నేహితుల్లో ఒక్కడే లేస్తాడు, లైను అక్కడికక్కడే తగ్గిపోతుంది. ట్రే ఖర్చు ఎక్కువని మానేసే యజమానులు ఆ ఖర్చును పొడుగాటి లైను రూపంలో కడుతున్నారు.

ఇంకో సంగతి. హాఫ్ టైంలో జనం ముందు టాయిలెట్‌కే వెళ్తారు. స్టాలు లైనూ టాయిలెట్ లైనూ ఎదురెదురుగా ఉంటే రెండూ ముడిపడి ఎవరూ కదలరు. టాయిలెట్ నుంచి బయటికొచ్చే దారిలో, కుళాయి దాటాక, కనీసం పది పన్నెండు మీటర్ల దూరంలో స్టాలు ఉండాలి.

అపోహ: అసలు అమ్మకమంతా హాఫ్ టైంలోనే

జనం అలా రావడం వల్ల కాదు, గేట్లు ఆలస్యంగా తెరవడం వల్ల అలా అవుతుంది. ఏడున్నర మ్యాచ్‌కి ఐదున్నరకే గేటు తీసి, ఏడులోపు కొన్నవాళ్లకి టీ, పఫ్ కలిపి ఓ పది రూపాయలు తగ్గించి చూడండి. ఆకలితో వచ్చినవాడు ముందే తింటాడు, హాఫ్ టైంలో టీతో సరిపెట్టుకుంటాడు. సందడికీ అదే మంచిది. గంట ముందు నుంచే స్టాండు నిండుతూ ఉంటే పాటలు వేడెక్కడానికి వ్యవధి దొరుకుతుంది. ప్రవేశానికి కూడా లాభమే. ఇంగ్లండ్‌లో క్రీడా మైదానాల భద్రతకు వాడే గ్రీన్ గైడ్ ఒక టర్న్‌స్టైల్ (ఒక్కొక్కరినే పోనిచ్చే తిరుగుడు గేటు) గుండా గంటకు 660 మందిని మించి లెక్క వేసుకోవద్దంటుంది. పన్నెండు దారులుంటే గంటకు ఎనిమిది వేలు దాటవు. అందరూ చివరి అరగంటలో వస్తే సగం మంది ఆట ఆరంభాన్ని గోడ అవతలి నుంచి వినాల్సిందే.

అపోహ: మెనూలో ఎన్ని రకాలుంటే అంత ఆకర్షణ

బోర్డు మీద ఇరవై పేర్లు చూసి జనం ఆలోచనలో పడతారు. ఆలోచించే ప్రతి మనిషీ వెనక ముప్పై మందిని ఆపుతాడు. ఒక కౌంటరుకు ఐదు వస్తువులు, అన్నీ ముందే సిద్ధంగా ఉన్నవి. అంతకు మించితే అది హోటలు.

ఏ ఐదు? ఒక చేత్తో తినగలిగినవి, ప్లేటూ చెంచా అక్కర్లేనివి. ఫుట్‌బాల్ ప్రేక్షకుడికి రెండో చెయ్యి చప్పట్లకో, స్కార్ఫ్‌కో కావాలి. ఈ లెక్కన బెంగళూరుకు దేవుడిచ్చిన వరం అయ్యంగార్ బేకరీ. ఖారా బన్, వెజ్ పఫ్, ఎగ్ పఫ్: ఒక కాగితం చాలు, కారదు, చల్లారినా తినొచ్చు. సమోసా ఫరవాలేదు. మద్దూరు వడ ఇంకా మంచిది, ఎందుకంటే అది చల్లగా తినడానికే పుట్టింది, గట్టిగా ఉంటుంది, చట్నీ లేకున్నా గొంతు దిగుతుంది.

చురుమురి (మసాలా మరమరాలు) ఈ ఊరి ప్రాణం, కాదనం. కానీ ఒక్కో పొట్లం కలపడానికి నలభై సెకన్ల నుంచి నిమిషం పడుతుంది. ముందే కలిపి పెడితే నాలుగైదు నిమిషాలకే మరమరాలు మెత్తబడతాయి. కాబట్టి దాన్ని గేటు బయటి ఆవరణలో, మ్యాచ్‌కి ముందు మాత్రమే అమ్మాలి. మసాలా పూరీ, పానీపూరీలకూ ఇదే తీర్పు. బిర్యానీ గురించి ప్రతి తెలుగు నిర్వాహకుడూ అడుగుతాడు: ఒళ్లో డబ్బా, చేతిలో చెంచా, పక్కవాడు గోలని ఎగిరితే రైతా ముందు వరస మీద. వద్దు. అంతగా కావాలంటే కూర్చుని తినే బల్లలున్న చోట, ఆరింటి నుంచి ఏడింటి దాకా.

ఉడకబెట్టిన పల్లీలు మాత్రం పొట్టు తీసినవే అమ్మాలి. పొట్టుతో అమ్మితే సీట్ల కిందంతా అవే. వాటిని న్యూస్‌పేపరు పొట్లంలో కట్టకండి. అచ్చు సిరాలోని రసాయనాలు తిండిలోకి దిగుతాయని, న్యూస్‌పేపర్లో ఆహారం చుట్టొద్దని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఎప్పటి నుంచో చెబుతోంది.

అపోహ: బజ్జీ అప్పటికప్పుడు వేస్తేనే బజ్జీ

రుచికి నిజం, హాఫ్ టైం లెక్కకు అబద్ధం. పచ్చి పిండి నుంచి మిరపకాయ బజ్జీ వేగడానికి నాలుగు నిమిషాలైనా పడుతుంది. పన్నెండు నిమిషాల్లో మూడు వాయిలు కూడా సరిగ్గా రావు. పరిష్కారం మన బజ్జీల బండి వాళ్లకు తెలిసిందే: రెండు సార్లు వేపడం. మొదటి వేపు ఆట ముప్పయ్యో నిమిషానికల్లా ముగించాలి. రంగు రాకముందే తీసి, జల్లెడ తట్టలో ఒకే వరసగా పరచాలి. హాఫ్ టైం విజిల్‌కి రెండు నిమిషాల ముందు నూనెను 180 డిగ్రీలకు తెచ్చి, ఒక్కో వాయిని నిమిషం, నిమిషంన్నర తిప్పి తీసేయాలి.

ఇక్కడ చెడేది రెండు చోట్ల. ఆత్రంలో కడాయి నింపేస్తారు. నూనె వేడి 160 కిందికి పడిపోయి బజ్జీ నూనె పీలుస్తుంది. నూనె పైభాగం సగానికి మించి నిండకూడదు. రెండోది, వేగినవాటిని మూత ఉన్న డబ్బాలో పోసి దుప్పటి కప్పడం. లోపలి ఆవిరి బయటికి పోయే దారిలేక ఐదు నిమిషాల్లో పెంకు మెత్తబడుతుంది. పఫ్‌లను పెట్టే హాట్ కేసులో నీళ్ల గిన్నె ఉంచడం కూడా ఇలాంటి పొరపాటే. ఇడ్లీకి తడి వేడి కావాలి, పఫ్‌కి పొడి వేడి. పఫ్‌లను రెండు వరసలకు మించి పేర్చితే కిందివి అప్పచ్చులైపోతాయి.

చట్నీ సంగతి. కొబ్బరి చట్నీ బయట పెడితే రెండు మూడు గంటల్లో పులుపు తిరుగుతుంది, పైగా వడ్డించడానికి ఒక మనిషి కావాలి. మన గుంటూరు పద్ధతిలో మిరపకాయ చీల్చి వాము, చింతపండు, ఉప్పు ముద్ద లోపలే కూరితే చట్నీయే అక్కర్లేదు. ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం పిండి ఇచ్చే కట్ మిర్చి మాత్రం వీధి చివరకే పరిమితం చేయండి.

వేడి తిండిని 60 డిగ్రీలు తగ్గకుండా, చల్లటిదాన్ని 5 డిగ్రీలు దాటకుండా ఉంచాలి. హాట్ కేసు మీది అంకె లోపలి గాలిది, తిండిది కాదు. ప్రోబ్ థర్మామీటరు పఫ్ మధ్యలో గుచ్చి చూడండి. వాడిన నూనెలో పోలార్ పదార్థాలు (నూనె పదే పదే కాగి చెడితే పుట్టేవి) 25 శాతం దాటితే పారబోయాలన్న నిబంధన 2018 జూలై 1 నుంచి అమల్లో ఉంది. నురగ తగ్గకుండా పొంగుతుంటే, నూనె చిక్కబడి నల్లబారుతుంటే పరీక్ష పట్టీ ముంచి చూడాలి. కొత్త నూనె కలిపి పాతదాన్ని కాపాడాలనుకోవడం దండగ.

ఎర్రటి గోబీ మంచూరియా కావాలని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీలో కృత్రిమ రంగులనూ, పీచుమిఠాయిలో రోడమిన్-బీ అనే రంగునూ నిషేధించింది. అదే ఏడాది జూన్‌లో కబాబులకూ ఆ నిషేధం వచ్చింది. రంగు కావాలంటే బ్యాడగి మిరప పొడి ఉంది. ఘాటు తక్కువ, ఎరుపు ఎక్కువ.

అపోహ: ఫోన్‌పే, గూగుల్‌పే వచ్చాక డబ్బు సమస్యే లేదు

వీధి దుకాణంలో లేదు. ఎనిమిది వేల ఫోన్లు ఒక్క చోట చేరి, అందరూ గోలు వీడియో పంపే నిమిషంలో ఉంది. టవరు ఉక్కిరిబిక్కిరి అవుతుంది, చక్రం తిరుగుతూనే ఉంటుంది. డబ్బు పడిందని చెప్పే సౌండ్ బాక్సులో ఉన్నదీ ఒక సిమ్మే, అదీ అదే టవరును నమ్ముకుంది. ‘నా ఖాతాలో కట్ అయింది’, ‘మాకు రాలేదు’ అన్న వాదన ఒక్కటి మొదలైతే రెండు నిమిషాలు హరీ.

మందు ఏమిటంటే, చెల్లింపును హాఫ్ టైం నుంచి బయటికి తీసేయడం. గేటు దగ్గర, స్టాండులో తిరుగుతూ ఆటకు ముందే కూపన్లు అమ్మండి: 20కి ఒక రంగు, 50కి ఒక రంగు. హాఫ్ టైంలో కూపన్ డబ్బాలో పడేసి వస్తువు తీసుకోవడమే. సగం కౌంటర్లు కూపన్‌కి మాత్రమే అని పెద్ద అక్షరాలతో రాయండి. ఒక్క మ్యాచ్‌లో జనం నేర్చుకుంటారు. మిగతా కౌంటర్లలో సిబ్బంది ఫోన్లకు టవరు కాకుండా తీగ ద్వారా వచ్చే ఇంటర్నెట్ పెట్టండి, రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉంచండి. యూపీఐ లైట్ వాడేవాళ్లకు పిన్ కొట్టే పని ఉండదు కాబట్టి ఆ మాట బోర్డు మీద రాస్తే కొన్ని సెకన్లు కలిసొస్తాయి. ధరలన్నీ కూపన్లకు సరిపోయే 20, 50 లాంటి అంకెలు. 35 రూపాయల టీ అంటే చిల్లర వెతుకులాట.

అపోహ: లోపలికొచ్చాక ఇంకెక్కడికి పోతారు, ధర ఎంతైనా కొంటారు

కొనరు. బయట తినేసి ఆలస్యంగా వస్తారు, హాఫ్ టైంలో సీట్లోనే కూర్చుంటారు. 2017లో అట్లాంటాలో మెర్సిడెస్-బెంజ్ స్టేడియం తెరిచినప్పుడు హాట్ డాగ్ 2 డాలర్లు, మళ్లీ మళ్లీ నింపుకునే కూల్ డ్రింక్ 2 డాలర్లు అని పెట్టారు. అట్లాంటా యునైటెడ్ ఫుట్‌బాల్ జట్టు ఆడేది కూడా అక్కడే. పాత స్టేడియంతో పోలిస్తే ధరలు సగానికి దించినా, అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచుల్లో ఒక్కో ప్రేక్షకుడి ఖర్చు 16 శాతం పెరిగింది. అందరూ ధర తగ్గించడం గురించే మాట్లాడతారు. మాకు నచ్చింది ఇంకోటి: పన్నుతో కలిపి గుండు అంకె ధర పెట్టడం. చిల్లర పోయింది, లైను కదిలింది.

ముద్రిత ధర ఉన్న సీసా విషయంలో తెలివితేటలు వద్దు. ఒకే సరుకుకు బయటికొకటి, స్టేడియానికొకటి అని రెండు ఎంఆర్‌పీలు ముద్రించడం 2018 జనవరి 1 నుంచి కుదరదు.

అపోహ: టీ ఒకసారి కాచి డ్రమ్ములో పోస్తే రాత్రంతా అమ్ముకోవచ్చు

గంట దాటితే ఆ టీకి చేదు తిరుగుతుంది, ముఖ్యంగా ఆకు వడకట్టకుండా పోస్తే. పది లీటర్లకు ఐదు లీటర్ల పాలు, ఐదు లీటర్ల నీళ్లు, 220 గ్రాముల పొడి, 650 గ్రాముల పంచదార మా కొలత. 100 మిల్లీ కప్పులు వంద వస్తాయి. రెండు వాయిలుగా కాచండి: ఒకటి ఆరున్నరకి, ఇంకొకటి ఆట ముప్పయ్యో నిమిషంలో. పోసే ముందు స్టీలు డ్రమ్ములో మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి పారబోస్తే టీ వేడి ఎక్కువసేపు నిలుస్తుంది. ఈ ఒక్క పని ఎగ్గొట్టి, ‘డ్రమ్ము మంచిది కాదు’ అని కంపెనీని తిట్టేవాళ్లే ఎక్కువ.

ఫిల్టర్ కాఫీ డికాక్షనూ పాలూ ముందే కలపకూడదు. డికాక్షన్ ఒక ఫ్లాస్కులో, చక్కెర వేసిన పాలు ఇంకోదాంట్లో. కప్పుకు 30, 90 మిల్లీ చొప్పున రెండు కుళాయిలు తిప్పడానికి ఆరు సెకన్లు. డిసెంబరు రాత్రి బెంగళూరులో టీ, కాఫీ, మిరియాల సూప్ ముందు మిగతావేవీ నిలవవు. అదే మెనూ చెన్నై నెహ్రూ స్టేడియానికి మోసుకెళ్తే, ఆ ఉక్కలో సూప్ డ్రమ్ము నిండుగానే తిరిగొస్తుంది. అక్కడ మజ్జిగే రాజు.

అపోహ: బీరు లేకపోతే ఫుట్‌బాల్ సందడి రాదు

ఫుట్‌బాల్ పుట్టిల్లు ఇంగ్లండ్‌లోనే 1985 చట్టం ప్రకారం పెద్ద లీగుల మ్యాచుల్లో మైదానం కనిపించే చోట మద్యం తాగడం నేరం. పాటలేమీ ఆగలేదు. 2022 ఖతార్ ప్రపంచ కప్‌లో ఆరంభానికి రెండు రోజుల ముందు స్టేడియాల దగ్గర బీరు అమ్మకం ఆపేశారు. అక్కడా డప్పులు మోగాయి.

మన దగ్గర దానికన్నా మంచి సరుకుంది. నన్నారి షర్బత్ చూడండి. అనంతపురం, చిత్తూరు నుంచి వచ్చినవాళ్లు పేరు చూడగానే ఆగుతారు, మిగతావాళ్లు వాళ్లని చూసి ఆగుతారు. పది లీటర్ల నీళ్లకు లీటరుంబావు నన్నారి పాకం, 400 మిల్లీ నిమ్మరసం. నిమ్మరసం ముందు రోజే కలిపితే చేదెక్కుతుంది. గేటు తీసే గంటలో కలపండి. సబ్జా గింజలు విడిగా నానబెట్టి కప్పులో వేయాలి, డ్రమ్ములో వేస్తే కుళాయి మూసుకుపోతుంది. మజ్జిగకూ ఇదే తంటా: రెండున్నర లీటర్ల పెరుగు, ఏడున్నర లీటర్ల నీళ్లు, 60 గ్రాముల ఉప్పు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు రుబ్బి వడకట్టిన రసం. తాలింపు ముక్కలు వేస్తే ఇంటి రుచి వస్తుంది నిజమే, కానీ కుళాయి దగ్గర ఆవగింజలు ఏరుతూ కూర్చోవాలి. గోలీ సోడా మ్యాచ్‌కి ముందు ఆవరణలో కప్పులో పోసి ఇవ్వండి, గాజు సీసా స్టాండులోకి పోకూడదు.

చల్లదనం ఐసు మీద వదిలేయొద్దు. 28 డిగ్రీల పది లీటర్ల మజ్జిగను 8 డిగ్రీలకు దించాలంటే రెండు కిలోల పైచిలుకు ఐసు కరగాలి, అంటే మజ్జిగ ఐదో వంతు పలచబడుతుంది. ముందే ఫ్రిజ్‌లో చల్లబరచాలి. ఐసు వాడక తప్పకపోతే గిన్నె చుట్టూ పెట్టండి. తాగేదాంట్లో వేసే ఐసు తాగునీటితో చేసిందే అయి ఉండాలి.

అపోహ: మంచినీళ్లు ఉచితంగా ఇస్తే సీసాల వ్యాపారం పోతుంది

సీసా ఎలాగూ మూత తీసి కప్పులో పోసి ఇవ్వాల్సిందే, లేకపోతే అది రిఫరీ మీదికి వెళ్తుంది. మనిషికి పావు లీటరు చొప్పున ఎనిమిది వేల మందికి రెండు వేల లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు వంద. ఏప్రిల్‌లో అయితే రెట్టింపు. నీళ్లు దొరికినవాడు ఉప్పు పల్లీలు ధైర్యంగా కొంటాడు. దొరకనివాడు రెండో సగం మధ్యలో వెళ్లిపోతాడు, పిల్లల్ని తెచ్చినవాడు మరీను.

అపోహ: డీజే మోగితేనే ఊపు

డీజే మోగుతున్నంతసేపూ జనం నోరు మూసుకుంటారు. మైకు ఆగితే అప్పుడు గొంతులు లేస్తాయి. 2013లో బెంగళూరు ఎఫ్‌సీతో పాటే పుట్టిన వెస్ట్ బ్లాక్ బ్లూస్ లాంటి అభిమానుల బృందాలు పాటకి లయ పట్టేది డప్పు మీదే. పీఏ సిస్టమ్ (స్టేడియం స్పీకర్లు) నుంచి వచ్చే సినిమా పాట ఆ లయను తొక్కేస్తుంది. ఆట మొదలయ్యే ఐదు నిమిషాల ముందు, ఆట జరుగుతున్నప్పుడు స్పీకర్లు మౌనంగా ఉండాలి. గోలు ప్రకటన, ఆటగాళ్ల మార్పుల ప్రకటన, అత్యవసర ప్రకటన: వాటికే పీఏ. రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్ వద్దన్న 2000 నాటి శబ్ద నియమాలు ఎలాగూ ఉన్నాయి. ఏడున్నర మ్యాచ్ తొమ్మిదిన్నరకి అయిపోతుంది కాబట్టి ఆట తర్వాత వేడుక పొడిగిస్తేనే అది గుర్తొస్తుంది.

కంఠీరవలో అసలు చిక్కు పరుగు పందేల ట్రాక్. ప్రామాణిక 400 మీటర్ల ట్రాక్‌ను ఎనిమిది లేన్లతో కలిపి కొలిస్తే పొడవు సుమారు 177 మీటర్లు, వెడల్పు 93. మధ్యలో ఫుట్‌బాల్ మైదానం 105 పొడవు, 68 వెడల్పు. అంటే పక్క స్టాండు ముందు వరసకీ గీతకీ మధ్య కనీసం పన్నెండు మీటర్లు, గోలు వెనక స్టాండుకైతే కనీసం ముప్పై ఆరు. పాటగాళ్ల గుంపును గోలు వెనక పెట్టడం యూరప్ అలవాటు. అక్కడ ట్రాక్ లేని మైదానాలే ఎక్కువ. మన దగ్గర పక్క స్టాండు కింది వరసలే మేలు, గొంతు ఆటగాడికి చేరుతుంది.

ఇంకో సాంకేతికమైన తంటా. గాలిలో శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతుంది. ఈ చివర కొట్టిన డప్పు 177 మీటర్ల అవతలి స్టాండుకు అర సెకను పైన ఆలస్యంగా చేరుతుంది. నిమిషానికి 120 దెబ్బల పాటలో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉండేది సరిగ్గా ఆ అర సెకనే. అందుకే స్టేడియమంతా ఒకే పాట పాడించాలని చూస్తే ఒకవైపు పాట రెండోవైపు కన్నా ఒక దెబ్బ వెనకబడి గందరగోళమవుతుంది. ఎవరికీ లయ తెలియక కాదు, దూరం అలాంటిది. కాబట్టి ఎదురు స్టాండుతో సవాలు జవాబు పద్ధతి పెట్టుకోండి: వీళ్లు ఒక కేక, ఆగడం, వాళ్లు జవాబు. పల్లెల్లో భజన బృందాలు రెండు జట్లుగా చేసేది ఇదే. ఒకే స్టాండులో అయితే డప్పులన్నీ ఒక్క చోట, కింది వరసల మధ్యలో, పాట ఎత్తేవాడి పక్కనే ఉండాలి. నాలుగు డప్పులు నాలుగు మూలల పెడితే నాలుగు పాటలవుతాయి. పాట ఎత్తేవాడు ఆటకు వీపు పెట్టి జనానికి ఎదురుగా నిలబడతాడు. అతను మ్యాచ్ చూడలేడు, అందుకే సగానికొకరు మారాలి.

కొత్తవాళ్లు పాడకపోవడానికి సిగ్గు ఒక కారణమైతే, మాటలు తెలియకపోవడం పెద్ద కారణం. కన్నడ పాటల్ని తెలుగు లిపిలో నాలుగు లైన్లు రాసి కూపన్ వెనక అచ్చేయించండి. వైట్‌ఫీల్డ్ కుర్రాడు మూడో సారికి గొంతు కలుపుతాడు.

అపోహ: జనం పలచగా ఉంటే ఏం చేసినా అంతే

పాతిక వేలు పట్టే మైదానంలో ఆరు వేల మందిని నాలుగు వైపులా చల్లితే శ్మశానంలా ఉంటుంది. అదే ఆరు వేలను పక్కపక్కనున్న రెండు స్టాండుల్లో కూర్చోబెట్టి మిగతావి మూసేస్తే ఇల్లు నిండుతుంది. కౌంటర్లూ, నీళ్లూ, శుభ్రం చేసేవాళ్లూ అక్కడే చాలు. పై కప్పు ఉన్న స్టాండు ఎంచుకుంటే గొంతు పైకి పోకుండా తిరిగి మైదానం మీద పడుతుంది. ఆస్టిన్ టౌన్, గౌతమ్‌పుర లాంటి పాత ఫుట్‌బాల్ పేటల్లో చిన్న మైదానాల చుట్టూ కొద్దిమందే ఉన్నా మోత అదిరిపోయేది అందుకే.

అపోహ: ఒక్క రోజు స్టాలుకి లైసెన్స్ ఎందుకు

ఒక్క రోజైనా, ఒక్క బల్లైనా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషనో లైసెన్సో కావాలి. ఆ 14 అంకెల సంఖ్య కనబడేలా పెట్టాలి.

అపోహ: స్టాండు కిందే వంట పెడితే వేడివేడిగా అందించొచ్చు

స్టాండు కింద మంట వద్దే వద్దు. వేపుడు ఆరుబయట, 19 కిలోల వాణిజ్య సిలిండరుతో, నీళ్లు కాకుండా నూనె మంటకు పనికొచ్చే ‘ఎఫ్’ తరగతి ఆర్పే యంత్రం చేతికందేలా. లోపల కరెంటు హాట్ కేసులు మాత్రమే. 16 ఆంపియర్ల సాకెట్టు మోయగలిగేది సుమారు మూడున్నర కిలోవాట్లు. రెండు కిలోవాట్ల హాట్ కేసులు రెండు ఒకే బోర్డుకు తగిలిస్తే హాఫ్ టైంకి సరిగ్గా ట్రిప్ అవుతుంది. మరి ఎప్పుడవుతుంది!

అపోహ: చెత్త మర్నాడు ఊడ్చుకోవచ్చు

1985 మే 11న ఇంగ్లండ్‌లో బ్రాడ్‌ఫర్డ్ మైదానంలో చెక్క స్టాండు అంటుకుని 56 మంది చనిపోయారు. మంట మొదలైంది సీట్ల కింద ఏళ్ల తరబడి పేరుకున్న కాగితాల చెత్తలో. మనవి సిమెంటు మెట్లే కావచ్చు, అయినా సీట్ల కింద కాగితం కప్పులు, నూనె అంటిన పొట్లాలు ఆ రాత్రే తీయాలి. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు దేశమంతా నిషేధం. కర్ణాటకలో 2016 నుంచే. కాగితం కప్పుకూ లోపల పలుచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి తడి చెత్తలో వేయకూడదు. జర్మనీ స్టేడియాల్లోలా డిపాజిట్ కట్టించుకుని కడిగి వాడే కప్పులు పెట్టొచ్చు. కాకపోతే కప్పు తిరిగిచ్చే బల్ల అమ్మకం కౌంటరుకు దూరంగా, బయటికి పోయే దారి పక్కన ఉండాలి, తిరిగిచ్చే డబ్బు ముందే విడిగా పెట్టుకోవాలి.

అపోహ: గేటు పక్కన స్టాలు పెడితే ఎక్కువ అమ్ముడుపోతుంది

అమ్ముడుపోతుంది, దారి మూసుకుపోతుంది. గ్రీన్ గైడ్ లెక్కలో చదునైన దారిలో మీటరు వెడల్పుకు నిమిషానికి 82 మంది బయటపడగలరు. మూడు మీటర్ల దారికి 246. స్టాలు లైను ఒక మీటరు తినేస్తే 164. మెట్ల దగ్గర ఇంకా తక్కువ. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి క్రికెట్ స్టేడియం గేట్ల దగ్గర జరిగిన తొక్కిసలాటలో 11 మంది పోయారు, అది కంఠీరవకు ఎంతో దూరం కాదు. గేటుకు ఇరువైపులా స్టాలు, చెత్తడబ్బా, జెర్సీల బల్ల ఏదీ పెట్టొద్దు. స్టాలు లైనును దారికి అడ్డంగా కాకుండా గోడ వెంబడి తాడు కట్టి మడతలుగా నడపండి.

ఆట ముగిశాక అమ్మకం ఉండదన్నదీ తప్పే. అందరూ ఒకేసారి కబ్బన్ పార్క్ మెట్రోకి పరిగెడితే ప్లాట్‌ఫాం మీదే ఇరవై నిమిషాలు పోతాయి. ఆ ఇరవై నిమిషాలు లోపలే పోనివ్వండి. ఆటగాళ్లు స్టాండు ముందుకొచ్చి చప్పట్లు కొడుతుండగా, దారికి పక్కగా రెండు కౌంటర్లలో టీ, మిగిలిన ఖారా బన్ సగం ధరకు పెట్టండి. తొమ్మిదీ యాభైకల్లా మూసేసి, హాట్ కేసులో 60 డిగ్రీల కిందికి దిగినవన్నీ తడి చెత్త డబ్బాలోకి పంపాలి, సిబ్బందికి మూట కట్టి ఇవ్వడం కూడా వద్దు.